సొంతంగా కట్టిన కారు, గాలి లెక్క: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: లోటస్ సెవెన్ తరహాలో రెండు సీట్ల కారు కట్టుకున్నాను. విండ్ టన్నెల్ అందుబాటులో లేదు. డ్రాగ్ (గాలి నిరోధం) ఎంతుందో కొలవడం కుదురుతుందా? ముక్కు ఆకారం మారిస్తే తేడా తెలుస్తుందా?
– హైదరాబాద్ పాఠకుడు

జవాబు: కుదురుతుంది. కోస్ట్‌డౌన్ పరీక్ష చెయ్యండి. అనుమతి తీసుకున్న ట్రాక్ మీదో, వాహనాలు తిరగని రన్‌వే మీదో మాత్రమే. ఓఆర్‌ఆర్ మీద తెల్లవారుజామున కూడా వద్దు.

20 నిమిషాలు నడిపి టైర్లు, గేర్‌బాక్స్ ఆయిల్ వేడెక్కనివ్వండి. గంటకు 110 కి.మీ. దాటాక న్యూట్రల్ వేసి వదిలేయండి. 105 నుంచి 95కి పడటానికి ఎన్ని సెకన్లు, 35 నుంచి 25కి పడటానికి ఎన్ని సెకన్లు అన్నవి జీపీఎస్ లాగర్‌తో పట్టుకోండి. స్పీడోమీటర్ ముల్లును నమ్మొద్దు. దారి పొడవు చాలకపోతే రెండు వేగాలనూ వేర్వేరు పరుగుల్లో తీసుకోవచ్చు.

టైర్ల నిరోధం వేగంతో పెద్దగా మారదు. గాలి నిరోధం మాత్రం వేగం వర్గంతో పెరుగుతుంది. అందుకే ఎక్కువ వేగంలో వచ్చిన నిరోధంలోంచి తక్కువ వేగంలోది తీసేస్తే టైర్లది పోయి గాలిది మిగులుతుంది. ఉదాహరణకు కారు మీతో కలిపి 582 కిలోలు తూగిందనుకుందాం. తిరిగే చక్రాల జడత్వం కోసం 3 శాతం కలిపితే 600. గంటకు 10 కి.మీ. అంటే సెకనుకు 2.78 మీటర్లు. పైవేగంలో 3.14 సెకన్లు పడితే మందగమనం 0.885, కిందివేగంలో 13 సెకన్లు పడితే 0.214. తేడా 0.671. దాన్ని 600తో గుణిస్తే 403 న్యూటన్లు. 100, 30 కి.మీ. వేగాల వర్గాల తేడా (సెకనుకు మీటర్లలో) 702. దాన్ని సగం చేసి గాలి సాంద్రతతో (ఇక్కడ 1.08) గుణిస్తే 379. 403ని 379తో భాగిస్తే 1.06 చదరపు మీటర్లు. డ్రాగ్ గుణకాన్ని ముందుభాగం వైశాల్యంతో గుణిస్తే వచ్చే విలువ ఇదే. మామూలు సెడాన్‌కు ఇది 0.65 దగ్గర ఉంటుంది. బయటికి కనిపించే చక్రాలు, కప్పు లేని క్యాబిన్ ఉన్న కారుకు ఇంత రావడం సహజం.

సాంద్రత దగ్గర చాలామంది తప్పు చేస్తారు. పుస్తకాల్లో ఉండే 1.225 విలువ సముద్రమట్టంలో, 15 డిగ్రీల దగ్గరిది. హైదరాబాద్ ఎత్తులో 35 డిగ్రీల ఎండకు అది సుమారు 1.08. పుస్తకం విలువ వేస్తే డ్రాగ్ 12 శాతం తక్కువగా కనిపిస్తుంది.

గాలి వాటం ఇంకా ప్రమాదం. 100 కి.మీ. వేగంలో 10 కి.మీ. ఎదురుగాలి డ్రాగ్‌ను 21 శాతం పెంచుతుంది. అదే దారిలో వెనక్కి కూడా పరుగు తీసి సగటు కడితే తప్పు 1 శాతానికి దిగుతుంది. అర శాతం వాలు కంటికి ఆనదు గానీ 35–25 కొలతను దాదాపు నాలుగో వంతు తప్పుదారి పట్టిస్తుంది. రెండు వైపులా పరుగు తీస్తే అదీ సరిపోతుంది. అడ్డగాలికి మాత్రం విరుగుడు లేదు, ఆ రోజు మానుకోండి.

ముక్కు మార్చినప్పుడు పాతది, కొత్తది, మళ్లీ పాతది అనే వరసలో, ఒక్కోదానికి కనీసం ఐదు జతల పరుగులు తియ్యండి. మొదటి, చివరి ఫలితాలు కలవకపోతే ఆ పూట లెక్కంతా పక్కన పెట్టాల్సిందే. 5 శాతం తేడా ఈ పద్ధతిలో కనిపిస్తుంది. 2 శాతం తేడా చూశామని ఎవరైనా అంటే, ఎన్ని పరుగులు తీశారో అడగండి.

ప్రశ్న: ఇంట్లో కట్టిన కారుకు వెనక వింగ్ పెట్టాను. సర్క్యూట్‌లో 140 దాటగానే స్టీరింగ్ తేలిపోతోంది. వింగ్ పెట్టక ముందు ఇలా లేదు.
– బర్మింగ్‌హామ్‌లో స్థిరపడిన పాఠకుడు

జవాబు: వింగ్ తన పని తాను చేస్తోంది, అందుకే ముందు చక్రాలు తేలికయ్యాయి. మీ వింగ్ 1.5 మీటర్ల వెడల్పు, 30 సెం.మీ. లోతు ఉండి, లిఫ్ట్ గుణకం (వింగ్ ఎంత బలంగా నొక్కుతుందో చెప్పే అంకె) 1.5 అనుకుంటే 140 దగ్గర సుమారు 60 కిలోల ఒత్తిడి ఇస్తుంది. అది వెనక ఇరుసుకు 40 సెం.మీ. వెనక ఉండి, ఇరుసుల మధ్య దూరం 2.25 మీటర్లయితే ముందు ఇరుసు మీద నుంచి 10.7 కిలోలు లేచిపోతాయి. వింగ్ డ్రాగ్ 12 కిలోలు, నేలకు 1.1 మీటర్ల ఎత్తులో లాగుతోందంటే ఇంకో 5.9 కిలోలు. మొత్తం 16 కిలోలకు పైగా. తేలికపాటి కారుకు ఇది తక్కువేమీ కాదు.

ముందు చేయాల్సింది వింగ్ కోణాన్ని 3–4 డిగ్రీలకు దించి మళ్లీ నడపడం. స్టీరింగ్ బరువు తిరిగొస్తే కారణం దొరికినట్టే. ఆ తర్వాతే ముందువైపు స్ప్లిటర్, అంటే ముక్కు కింద ముందుకు పొడుచుకొచ్చే పలక. 9 మి.మీ. మెరైన్ ప్లైవుడ్ చాలు, కానీ ముందు అంచుకు రెండు స్టే రాడ్లు (ఆసరా కడ్డీలు) తప్పనిసరి. మనిషి నిలబడినా వంగకూడదు. వంగే స్ప్లిటర్ కోణం మారి, ఒక్కో వేగంలో ఒక్కోలా ప్రవర్తిస్తుంది. బ్రేక్ వేసినప్పుడు ముక్కు 25 మి.మీ. దిగినా నేలకు తగలనంత ఎత్తు ఉంచండి. ఐవీఏ (బ్రిటన్‌లో ఇలాంటి కార్లను రోడ్డుకు ఆమోదించే) పరీక్షకు వెళ్లే కారైతే బయటి అంచులకు కనీసం 2.5 మి.మీ. గుండ్రదనం కావాలి.

వెనక పట్టు ఇంకా కావాలనుకుంటే కోణం పెంచే ముందు గర్నీ ఫ్లాప్ ప్రయత్నించండి. డాన్ గర్నీ 1971లో తన రేసు కారు మీద వాడిన చిన్న పట్టీ ఇది. 30 సెం.మీ. వింగ్‌కు 3 నుంచి 6 మి.మీ. ఎత్తున్న అల్యూమినియం ఎల్ యాంగిల్ వెనక అంచు పైవైపున బిగిస్తే సరి. వింగ్ కింది వైపు ఉన్ని దారాలు అంటించి కెమెరా పెట్టండి. దారాలు వెనక్కి తిరగబడితే అక్కడ గాలి విడిపోయినట్టే, కోణం తగ్గించాలి. దారం 7–8 సెం.మీ. పొడవు చాలు. నైలాన్ వద్దు, అది ఉపరితలానికి అతుక్కుపోతుంది. దారాలు గాలి దిశ చెబుతాయి, ఒత్తిడి చెప్పవు. అన్నీ చక్కగా పడుకున్నంత మాత్రాన డ్రాగ్ తగ్గిందని అనుకోవద్దు.

బిగింపు విషయం తేలిగ్గా తీసుకోకండి. 140లో 60 కిలోలు 180లో 99 కిలోలవుతాయి. వాటికి రెట్టింపు బరువు ఇసుక బస్తాలతో పెట్టి చూశాకే ట్రాక్‌కు వెళ్లండి.

ప్రశ్న: ఫార్ములా భారత్ (విద్యార్థులు కట్టిన రేసు కార్ల పోటీ) కోసం కారు కడుతున్నాం. వృత్తాకారంలో తిరిగే స్కిడ్‌ప్యాడ్ పరీక్షలో వేగం 40 దాటదు. అంత తక్కువకు వింగ్‌లు దండగని సీనియర్లు అంటున్నారు.
– కాకినాడ ఇంజినీరింగ్ విద్యార్థులు

జవాబు: దండగ కాదు, కానీ వింగ్ పెద్దదై ఉండాలి. స్కిడ్‌ప్యాడ్ లోపలి వృత్తం వ్యాసం 15.25 మీటర్లు, దారి వెడల్పు 3 మీటర్లు. దారి మధ్యలో చుట్టు 57.3 మీటర్లు వస్తుంది. 5 సెకన్లలో తిరిగితే వేగం గంటకు 41 కి.మీ. ఆ వేగంలో గాలి ఒత్తిడి 76 పాస్కల్‌లే. లిఫ్ట్ గుణకం, వైశాల్యాల లబ్ధం 3 తెచ్చుకోగలిగితే 23 కిలోలు, డ్రైవర్‌తో 280 కిలోల కారుకు 8 శాతం అదనపు బరువు టైర్ల మీద పడుతుంది. 1 దగ్గరే ఆగిపోతే 8 కిలోలే, అప్పుడు సీనియర్ల మాటే నిజం. సీఎఫ్‌డీలో (కంప్యూటర్‌లో గాలి ప్రవాహాన్ని లెక్కగట్టే పద్ధతిలో) నేల కదలకుండా, చక్రాలు తిరగకుండా వచ్చిన అంకెను ఈ లెక్కలో వెయ్యకండి.

కారు కట్టాక డౌన్‌ఫోర్స్‌ను (గాలి కారును కిందికి నొక్కే బలాన్ని) డాంపర్ పొటెన్షియోమీటర్‌తో, అంటే సస్పెన్షన్ ఎంత కుంగిందో కొలిచే సెన్సర్‌తో సరిచూడండి. ముందు నిలిపి ఉంచిన కారుపై ఒక్కో ఇరుసు మీద 20 కిలోల బస్తాలు పెట్టి కొలత రాసుకోండి. తర్వాత 30, 60 కి.మీ. స్థిర వేగాల్లో పది సెకన్ల సగటు తియ్యండి. డాంపర్ షాఫ్ట్ మీద ఓ-రింగ్ (రబ్బరు రింగు) పెట్టి కొలిచే పద్ధతి ఇక్కడ పనికిరాదు, అది దారిలో తగిలిన అతి పెద్ద గుంతనే చూపిస్తుంది.

ప్రశ్న: ట్రాక్ కారు కింద పూర్తిగా అల్యూమినియం షీట్ వేశాక ఇంజిన్ వేడెక్కుతోంది. బానెట్ వెనక అంచు లేపినా తగ్గలేదు.
– చెన్నై పాఠకుడు

జవాబు: బానెట్ వెనక అంచు, విండ్‌షీల్డ్ మొదలు కలిసే చోట ఒత్తిడి ఎక్కువ. అక్కడ సందు ఇస్తే గాలి బయటికి పోవడానికి బదులు లోపలికి రావొచ్చు. ముందు ఆ సందు మూసేయండి.

తర్వాత 6 మి.మీ. పారదర్శక గొట్టాన్ని యూ ఆకారంలో వంచి, రంగు నీళ్లు సగం దాకా పొయ్యండి. ఒక కొసను రేడియేటర్ ముందు, ఇంకోదాన్ని వెనక, గాలి సూటిగా తగలని చోట పెట్టండి. యూ రెండు కాళ్లూ కారుకు అడ్డంగా ఉండాలి, లేకపోతే యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా నీళ్లు కదులుతాయి. తిన్నని దారిలో 100 కి.మీ. వేగంలో అందుబాటులో ఉన్న ఒత్తిడి మొత్తం సుమారు 45 మి.మీ. నీళ్లు. రెండు కాళ్ల మధ్య తేడా 5 మి.మీ. లోపే ఉంటే గాలి రేడియేటర్ గుండా సరిగా పోవడం లేదు. షీట్ వేశాక ఇంజిన్ గదిలో చేరిన గాలికి దారి లేదన్నమాట.

రేడియేటర్ చుట్టూ ఉన్న సందులన్నీ ఫోమ్‌తో మూసి, బానెట్ మీద రేడియేటర్‌కు సరిగ్గా వెనక లూవర్లు (గాలి బయటికి పోయే చీలికలు) కొయ్యండి. కోసే ముందు అక్కడ బానెట్ పైన ఒక కొస, లోపల ఒక కొస పెట్టి కొలవండి. లోపలివైపు ఒత్తిడి ఎక్కువుంటేనే గాలి పైకి పోతుంది. అదీ చాలకపోతే షీట్‌లో గేర్‌బాక్స్ వెనక భాగాన్ని తెరవండి. ముందు భాగం షీట్‌ను మాత్రం ముట్టుకోవద్దు.