నాయనకు ఏ కష్టమూ లేకుండానే డిప్రెషన్ వస్తుందా?

"మా నాయనకు అప్పుల్లేవు, ఇంట్లో గొడవల్లేవు. ఛాతీలో బరువంటే ఈసీజీ తీశారు, బాగానే ఉంది. ఆదోని డాక్టర్ ఇది డిప్రెషన్, కర్నూల్లో మానసిక డాక్టర్‌కు చూపించండి అంటున్నాడు. ఏ కష్టమూ లేని మనిషికి ఎందుకొస్తుంది? ఆ మాత్రలు మొదలుపెడితే జీవితాంతం మింగాల్సిందేనా?" అని అడిగారు. ఈ జబ్బు పడి, కర్నూల్లోనే మందులు వాడి లేచినవాణ్ణి కాబట్టి చెబుతున్నా.

నాకూ కారణం లేదు. బట్టల కొట్లో లెక్కలు రాసే పని, సొంతిల్లు. చూడ్డానికి వచ్చిన ప్రతి మనిషీ "నీకేం తక్కువైందప్పా?" అనేవాడు. జవాబు దొరక్క, నేనే నటిస్తున్నానేమో అని నా మీద నాకే అనుమానమొచ్చేది. డాక్టర్ మాత్రం ఆ మాటే ఎత్తలేదు. నిద్ర ఎప్పుడు తెగిపోతోంది, అన్నం సయిస్తోందా, ఇష్టంగా చేసే పనులు చేయబుద్ధవుతోందా, బతుకు మీద విసుగు పుడుతోందా అని అడిగాడు. ఇలాంటివి కొన్ని కలిసి రెండు వారాలకు తగ్గకుండా, దాదాపు రోజూ ఉండి, పనులు సాగనీయకపోతే అది జబ్బే. వంశంలో ఉండటం, థైరాయిడ్ తేడా, తాగుడు, పంట పోవడం, ఇవన్నీ దానికి తోడవుతాయి. కొందరిలో వేలు పెట్టి చూపించేది ఏదీ ఉండదు. మీ నాయన విషయంలో కారణం తేలాకే డాక్టర్ దగ్గరికి పోదామని కూర్చోకండి.

ఏడుస్తూ మూల కూర్చుంటేనే డిప్రెషన్ అనుకుంటారు. నాకు ఏడుపే రాలేదు. తెల్లవారుజామునే మెలకువ వచ్చేది, ఇక నిద్ర పట్టేది కాదు. పొద్దున పూట మరీ ఘోరం, సాయంత్రానికి కాస్త తెరిపి. బకెట్ నిండి నీళ్లు పొర్లిపోతున్నా చెంబు అందుకోవడానికి చెయ్యి లేచేది కాదు. కొట్లో ఒకే పేజీ కూడిక పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వేసినా మొత్తం కుదిరేది కాదు. ఆదివారం ఉగ్గాని, బజ్జీ తెచ్చి ముందు పెడితే పిల్లల మీద కసిరేవాణ్ణి. మన వైపు మగవాళ్లలో ఇది ఎక్కువగా కోపంగానో, ఒళ్లు నొప్పులుగానో, గుండె దడగానో బయటపడుతుంది. అందుకే ముందు గుండె డాక్టర్ దగ్గరికే పోతాం. అదీ మంచిదే, గుండెకేం లేదని తేలాలి కదా.

మా అత్త తాయెత్తు కట్టించింది. కట్టించుకున్నా. మాత్రలు మానెయ్యమని చెప్పనంత వరకు గుడైనా దర్గా అయినా నాకు పేచీ లేదు.

ఇక మాత్రల సంగతి. ఎసిటాలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లూఆక్సెటిన్ లాంటివి మత్తుమందులు కావు, సారాయిలా ఇంకా ఇంకా కావాలనిపించవు. నిద్రకని ఇచ్చే ఆల్ప్రాజోలామ్, క్లోనాజెపామ్ వేరు. అవి అలవాటవుతాయి, డాక్టర్ చెప్పిన కొద్దికాలమే వాడాలి, మెడికల్ షాపులో సొంతంగా కొనుక్కోకూడదు. డిప్రెషన్ మాత్రలు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. వికారం, కడుపులో తిప్పడం మాత్రం మొదటి రోజుల్లోనే వస్తాయి. గుణం కనిపించకముందే ఈ బాధలు రావడంతో చాలామంది అక్కడే ఆపేస్తారు. ఇంకొకటి, ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెబుతా: పడగ్గదిలో ఆసక్తి తగ్గొచ్చు. సిగ్గుపడి మందు మానకుండా డాక్టర్‌తో అంటే మోతాదో మందో మారుస్తారు. బాగయ్యాక కూడా మామూలుగా ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడమంటారు, తర్వాత మెల్లగా తగ్గిస్తారు. ఉన్నట్టుండి ఆపితే తల తిరుగుడు, చిరాకు. రెండు మూడుసార్లు తిరగబెట్టినవాళ్లకు ఎక్కువకాలం వాడమంటారు, అంతేగానీ అందరికీ జీవితాంతం కాదు. మందుతోపాటు కౌన్సెలింగ్ కూడా ఇప్పించండి. జబ్బు మరీ ముదరకపోతే కొందరికి అదొక్కటే సరిపోతుంది.

ఒక్క పని మాత్రం ఈరోజే చేయండి. పత్తికి కొట్టే మందు డబ్బాలు ఇంట్లో ఉంటే తీసి వేరేచోట తాళం వేయించండి. "చచ్చిపోవాలనిపిస్తోందా నాయనా?" అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు, లోపల ఉన్నది బయటికొస్తుంది. అవునంటే ఒంటరిగా వదలొద్దు, అదేరోజు ఆసుపత్రికి తీసుకుపోండి. అర్ధరాత్రి అయినా 14416కు ఫోన్ చేయొచ్చు. అది మనసు బాధలకు సాయం చేసే ఫోన్ లైన్, 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

"పిచ్చి డాక్టర్ దగ్గరికి నేను రాను" అని ఆయన మొరాయిస్తే "నిద్ర పట్టడం లేదు కదా, దానికి చూపిద్దాం" అనండి. అబద్ధమేం కాదు. కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, మిగతా ఓపీల్లాగే చీటీ తీసుకోవడమే. ఇంట్లో మనిషి ఒకరు తప్పక వెంట ఉండాలి. "ఎప్పుడైనా నిద్రే లేకుండా అతి హుషారుగా, ఆపకుండా మాట్లాడుతూ డబ్బులు విచ్చలవిడిగా ఖర్చుపెట్టిన రోజులున్నాయా?" అని డాక్టర్ అడుగుతారు. దానికి మీ అమ్మే సరిగ్గా చెప్పగలదు. ఉంటే అది బైపోలార్, అంటే కొన్నాళ్లు అతి హుషారు, కొన్నాళ్లు దిగులు వచ్చే జబ్బు కావచ్చు, మందే మారిపోతుంది. ఈసీజీ కాగితం, బీపీ, షుగర్ మాత్రలు వాడుతుంటే ఆ చీటీలు పట్టుకెళ్లండి. థైరాయిడ్, రక్తం పరీక్షలు రాసే అవకాశం ఉంది. ఓపీ పొద్దున పూటే, ఆదోని నుంచి తొందరగా బయల్దేరండి.