బండి భోగట్టా: వేడెక్కితే మొరాయించే కారు

ఎండలు ముదిరాక వచ్చిన ఉత్తరాలన్నీ ఇంచుమించు ఒకే పాట పాడుతున్నాయి: బండి వేడెక్కింది, ఆగిపోయింది, చల్లారాక మళ్లీ నడిచింది. అందుకే ఈసారి మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటిస్తున్నాను. ఆటోనగర్‌లో వైరింగ్ పని చేసేవాణ్ని కాబట్టి నా చూపు ఇంజిన్ కంటే ముందు తీగల మీదికి పోతుంది. ఆ సంగతి మనసులో పెట్టుకుని చదవండి.

ప్రశ్న: నమస్కారమండీ. మాది గుంటూరు బ్రాడీపేట. రోజూ విజయవాడలో ఆఫీసుకు కారులోనే వెళ్లి వస్తాను. పెట్రోల్ బండి, గేర్లది, లక్ష కిలోమీటర్లు దాటింది. పొద్దున వెళ్లేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. సాయంత్రం తిరుగుప్రయాణంలో కాజ టోల్ దగ్గర క్యూలో నిలబడితే చాలు, ఠపీమని ఆగిపోతోంది. ఒకసారి కనకదుర్గ వారధి మీద నడుస్తూ నడుస్తూనే ఆగింది. సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. అరగంట బానెట్ ఎత్తి పెడితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. ప్లగ్గులు మార్చారు, బ్యాటరీ మార్చారు. సెల్ఫ్ కొట్టేటప్పుడు పంపు తిరగడం లేదని నాకు చూపించి మరీ పెట్రోల్ పంపు మార్చారు. అయినా అదే తంతు. ఇప్పుడు ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) పోయిందంటున్నారు. ఇంట్లో కారు అమ్మేయమంటున్నారు. సాయంత్రం అయిందంటే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మకండమ్మా. ఈసీయూ జోలికీ అప్పుడే పోకండి. మీరు రాసిన లక్షణాలు చదవగానే నా అనుమానం క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సార్ మీదికి పోయింది. క్రాంక్‌షాఫ్ట్ అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, అది తిరుగుతోందో లేదో కనిపెట్టేది ఈ సెన్సార్. షెడ్డుల్లో దాన్నే క్రాంక్ సెన్సార్ అంటాం. అయితే ఇది అనుమానమే, తీర్పు కాదు. ఇప్పటికే మీ చేత మూడు వస్తువులు అనుమానం మీద కొనిపించారు. నాలుగోది రుజువు చూపించాకే కొనండి.

ముందు ఆ పంపు సంగతి తేల్చుకుందాం. మీ మెకానిక్ చూసింది నిజమే, సెల్ఫ్ కొట్టేటప్పుడు పంపు తిరగలేదు. కానీ పంపు తిరగకపోవడానికి పంపే కారణం కానక్కర్లేదు. తాళం ఆన్ చేయగానే చాలా కార్లలో పంపు రెండు మూడు సెకన్లు తిరిగి, లైనులో ప్రెషర్ కట్టి ఆగిపోతుంది. ఆ తర్వాత ఇంజిన్ తిరుగుతోందన్న కబురు అందితేనే ఈసీయూ మళ్లీ పంపు రిలేని (కరెంటు కలిపే స్విచ్చిని) లాగుతుంది. ఆ కబురు పంపేది క్రాంక్ సెన్సారే. అది మూగబోయిందంటే ఈసీయూ లెక్కలో ఇంజిన్ నిలబడి ఉన్నట్టే. పంపుకు కరెంటు ఇవ్వదు, ప్లగ్గులో స్పార్క్ ఉండదు, ఇంజెక్టర్ తెరుచుకోదు. మూడూ ఒకేసారి చచ్చాయంటే ఆ మూడింటినీ విడివిడిగా అనుమానించడం దండగ, మూడింటికీ పైనున్న దాన్ని చూడాలి. ఈసారి ఆగినప్పుడు రోడ్డు పక్కన కిటికీలు మూసి, తాళం ఆన్ చేసి వెనక సీటు వైపు చెవి పెట్టండి. సన్నగా గుయ్‌మని రెండు సెకన్లు వినిపించిందంటే పంపూ దాని ఫ్యూజూ పనిచేస్తున్నాయన్నమాట.

సెన్సార్ చేసే పని కొంచెం తెలిస్తే మిగతాదంతా సులువు. క్రాంక్‌షాఫ్ట్‌తో పాటు తిరిగే పళ్ల చక్రం ఒకటుంటుంది. చాలా కార్లలో దాని మీద 60 పళ్లకు చోటుండి, రెండు తీసేసి 58 మాత్రమే ఉంచుతారు. జపమాలలో మేరుపూస వేలికి తగిలితే ఒక చుట్టు పూర్తయిందని తెలుస్తుంది చూడండి, అలాగే ఆ రెండు పళ్ల ఖాళీ సెన్సార్ ముందుకు వచ్చినప్పుడల్లా ఏ పిస్టన్ ఎక్కడుందో ఈసీయూకి తెలుస్తుంది. పళ్లు దాటే వేగాన్ని బట్టి ఆర్పీఎం, అంటే ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో, లెక్క కడుతుంది.

వేడికి ఎందుకు ఆగుతుందంటే, పాత తరహా సెన్సార్‌లో అయస్కాంతం చుట్టూ వెంట్రుక లాంటి రాగి తీగ చుట్టి ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికీ అదురుకీ ఆ తీగ ఎక్కడో చిట్లుతుంది. చల్లగా ఉన్నప్పుడు రెండు కొసలూ తాకుతూనే ఉంటాయి. వేడికి వ్యాకోచించగానే విడిపోతాయి. ఈ సెన్సార్ చాలా బండ్లలో గేర్‌బాక్స్, ఇంజిన్ కలిసే చోట ఫ్లైవీల్ (ఇంజిన్ కొసన తిరిగే బరువైన చక్రం) దగ్గర ఉంటుంది, కొన్నింటిలో ముందువైపు పుల్లీ వెనక. బండి నడుస్తున్నంతసేపూ గాలి తగులుతుంది. టోల్ క్యూలో నిలబడితే ఆ గాలి లేదు, ఇంజిన్ వేడంతా అక్కడే పోగవుతుంది. పైగా ఇది రోహిణి కార్తె, రోళ్లే పగిలే కాలం.

ఇక రుజువు. వారధి మీద నడుస్తూ ఆగిందన్నారే, అప్పుడు ఆర్పీఎం ముల్లు ఏం చేసిందో గుర్తుందా? గుర్తులేకపోతే ఈసారి చూడండి. బండి గేర్‌లో ఉండి, క్లచ్ తొక్కక ముందు పెట్రోల్ అందక ఆగితే, చక్రాలు ఇంజిన్‌ని తిప్పుతూనే ఉంటాయి కాబట్టి ముల్లు బండి వేగంతో పాటే మెల్లగా దిగుతుంది. సెన్సార్ సిగ్నల్ తెగితే మాత్రం బండి ఇంకా దొర్లుతుండగానే ముల్లు దభీమని సున్నాకి పడిపోతుంది. నా దగ్గరికి వచ్చిన వాళ్లను నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే. బండి ఎడమకు తీసి, నాలుగు లైట్లూ వేశాకే ఈ పరిశోధన. ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేక్ ఒకటి రెండుసార్లు తొక్కాక రాయిలా అవుతుంది. కంగారుపడి పదేపదే తొక్కకండి.

రెండో రుజువు స్కానర్ ఇస్తుంది. ఈసీయూలోని అంకెలనూ, అది నమోదు చేసిన తప్పుల కోడ్లనూ చదివే పరికరం అది. బండి మొరాయించిన వేళే లైవ్ డేటా (అప్పటికప్పుడు వచ్చే అంకెలు) తెరిచి సెల్ఫ్ కొట్టించండి. మంచి బ్యాటరీతో సెల్ఫ్ తిరిగేటప్పుడు సుమారు 150 నుంచి 250 ఆర్పీఎం కనిపించాలి. సెల్ఫ్ గిరగిరా తిరుగుతున్నా తెర మీద సున్నా ఉందంటే సిగ్నల్ రావడం లేదు. చల్లారి, స్టార్ట్ అయ్యి, షెడ్డుకు నడిపించుకొచ్చాక స్కానర్ పెడితే "కోడ్ ఏమీ లేదు, అంతా బాగుంది" అంటారు. దాన్ని నమ్మకండి. ఒక్క క్షణం సిగ్నల్ తెగితే ఇంజిన్ మామూలుగానే ఆగిందనుకుని ఈసీయూ ఒక్కోసారి కోడే నమోదు చెయ్యదు.

మూడోది మల్టీమీటర్. కప్లర్ (సెన్సార్‌కి తీగలు కలిపే ప్లగ్గు) ఊడదీసి, రెండు తీగల కాయిల్ సెన్సార్ అయితే ఓమ్స్‌లో చూడాలి. సాధారణంగా 500 నుంచి 1500 ఓమ్స్ మధ్య ఉంటుంది, మీ బండి మాన్యువల్లో ఉన్న అంకెదే తుది మాట. అసలు కిటుకు ఏమిటంటే చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడిగా ఉన్నప్పుడు ఒకసారి చూడాలి. రాగి తీగకు వేడిమి ఒక్కో డిగ్రీ పెరిగితే సుమారు 0.4 శాతం నిరోధం పెరగడం సహజం. 30 డిగ్రీల దగ్గర 900 చూపింది 90 డిగ్రీల దగ్గర 1100 పైచిలుకు చూపితే తప్పేమీ లేదు. ఓఎల్ (తీగ తెగిందని మీటర్ చెప్పే గుర్తు) అని చూపించినా, అంకె ఒక చోట నిలవకుండా ఎగిరిపడినా సెన్సార్ పని అయిపోయినట్టే. నేనైతే సెన్సార్ విప్పి, మీటర్ తగిలించి, ఇంట్లో జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో వేడి చేస్తాను. తీగ ఎక్కడో చిట్లి ఉంటే కాసేపటికే మీటర్ గంతులేస్తుంది. యజమాని కళ్లముందే చేస్తే ఇక వాదన ఉండదు.

మీ బండిలో ఉన్నది హాల్ సెన్సార్ (రాగి తీగ చుట్ట బదులు ఎలక్ట్రానిక్ చిప్ ఉండే రకం) అయితే ఓమ్స్ పెట్టనివ్వకండి, ఆ అంకెకు అర్థం లేదు. తాళం ఆన్‌లో కప్లర్ దగ్గర 5 లేదా 12 వోల్టుల సప్లై, ఎర్త్ వస్తున్నాయో లేదో చూసి, సెల్ఫ్ తిప్పుతూ సిగ్నల్ తీగలో వోల్టేజీ ఎగుడుదిగుళ్లు పడుతోందో లేదో చూడాలి. మూడు తీగలుంటే హాలేనని కూడా తీర్మానించకండి. కొన్ని కాయిల్ సెన్సార్లకు మూడో తీగ ఉత్త షీల్డు, అంటే బయటి కరెంటు రొద సోకకుండా కాపాడే తొడుగు తీగ.

ఇవన్నీ అయ్యాక సెన్సార్ నుంచి ఈసీయూ దాకా తీగ కూడా సరిగా ఉండి, మంచి సిగ్నల్ లోపలికి వెళ్తున్నా ఆర్పీఎం సున్నాయే చూపిస్తే, అప్పుడు ఈసీయూ మాట ఎత్తమనండి.

ప్రశ్న: చెక్ లైట్ వెలిగితే స్కాన్ చేయించాను. పీ0335 వచ్చింది. క్రాంక్ సెన్సార్ మార్చేయాలని పది నిమిషాల్లో చెప్పేశారు. మార్చమంటారా? (పటమట నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఆ కోడ్ చెప్పేది సర్క్యూట్‌లో తేడా ఉందని. సర్క్యూట్ అంటే సెన్సార్ ఒక్కటే కాదండీ, కప్లర్, తీగలు, ఎర్త్, ఈసీయూ పిన్నులు అన్నీ కలిపి. ముందు కప్లర్ తీసి లోపల చూడమనండి. ఆయిల్ ఊరి ఉందా, పిన్నులు పచ్చబడ్డాయా, ఒక పిన్ను వెనక్కి జారిందా? కాలవ గట్టు ఇళ్ల దగ్గర నిలిపే బండ్లలో ఎలుక కొరికిన తీగలు నాకు మామూలే. ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉండగా, ఫ్యానుకూ బెల్టుకూ చెయ్యి దూరంగా ఉంచి, తీగను మెల్లగా కదిలించండి. కదిలించినప్పుడు ఇంజిన్ తడబడితే జబ్బు తీగలోనే. పీ0335తో పాటు వేరే సెన్సార్ల కోడ్లు కూడా గుంపుగా వస్తే, ఒకే 5 వోల్టుల లైను మీద ఉన్న ఇంకో సెన్సార్ షార్టయి దీన్ని కూడా లాగేస్తుండవచ్చు.

మార్చాల్సే వస్తే పార్ట్ నంబరు సరిచూసి బిల్లుతో కొనండి. చవగ్గా దొరికే డూప్లికేట్లు కొలతలో వెంట్రుకవాసి తేడా ఉన్నా సిగ్నల్ బలహీనపడుతుంది. బిగుసుకున్న సెన్సార్‌ని సుత్తితో కొట్టి దించనివ్వకండి. కొన్ని బండ్లకు కొత్తది వేశాక స్కానర్‌తో రీలెర్న్ (ఈసీయూకి కొత్త సెన్సార్‌ని అలవాటు చేయడం) చేయాలి, మీ బండికి అవసరమో కాదో ముందే అడగండి.

ప్రశ్న: క్లచ్ ప్లేట్ మార్పించిన మర్నాటి నుంచి స్టార్టింగ్ ట్రబుల్. అంతకు ముందు ఎప్పుడూ లేదు. క్రాంక్ సెన్సార్ పోయిందట. క్లచ్ పనికీ దీనికీ సంబంధం ఏమిటి? (మంగళగిరి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: చాలా సంబంధం ఉంది. గేర్‌బాక్స్ దించి ఎక్కించారు కదా. సెన్సార్ అక్కడే ఉన్న బండి అయితే దాని తీగ గేర్‌బాక్స్‌కీ ఇంజిన్‌కీ మధ్య నలిగి ఉండవచ్చు, లేదా సెన్సార్ పూర్తిగా కూర్చోకుండానే బోల్టు బిగించి ఉండవచ్చు. సెన్సార్ కొసకూ పళ్లకూ మధ్య ఎడం చాలా బండ్లలో ఒక మిల్లీమీటర్ అటూ ఇటూ ఉంటుంది. అది పెరిగితే సెల్ఫ్ వేగానికి సిగ్నల్ చాలదు, ఇంజిన్ అందుకోవడానికి ఆలస్యమవుతుంది. కొస మీద ఇనుప రజను అంటుకున్నా అదే కథ, ఒక్కసారి విప్పి గుడ్డతో తుడిస్తే తేలిపోతుంది. ఇంకో షెడ్డుకు వెళ్లకండి. పని చేసినవాళ్ల దగ్గరికే వెళ్లి, మీ ముందే సెన్సార్ విప్పించి తీగ మొత్తం చూపించమనండి. ఫ్లైవీల్ కూడా మార్చి ఉంటే పాతదానితో పోల్చి పళ్లు లెక్కపెట్టమనండి.

ప్రశ్న: క్రాంక్ సెన్సార్ పోయినా కొన్ని కార్లు నడుస్తాయంటారు. నిజమేనా? (తెనాలి నుంచి ఒక విద్యార్థి)

జవాబు: కొన్ని నడుస్తాయి. క్యామ్ సెన్సార్ (వాల్వులు తెరిచే ఇరుసు దగ్గరుండేది) సిగ్నల్‌తోనే నెట్టుకొచ్చేలా వాటి ఈసీయూలో ప్రోగ్రాం ఉంటుంది. అప్పుడు సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాలి, చెక్ లైట్ వెలుగుతుంది, పికప్ తగ్గుతుంది. ఇంటికో షెడ్డుకో చేరడానికి అది చాలు. చాలా కార్లలో ఆ వెసులుబాటు లేదు, సిగ్నల్ పోతే ఇంజిన్ ఆగాల్సిందే. నీ బండి ఏ రకమో కప్లర్ ఊడదీసి పరీక్షించాలని ముచ్చటపడితే ఇంటి ముందు నిలబెట్టి చెయ్యి నాయనా, హైవే మీద కాదు. ఆ తర్వాత కోడ్ తుడిపించుకోవడం మర్చిపోకు.