కొత్త కట్టడాల గురించి మాట్లాడబోయే మనవరాలికి

తిరుపతి

చిరంజీవి మనవరాలికి తాత ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. వచ్చే నెల విజయవాడలో మీ ఆర్కిటెక్చర్ కాలేజీలో జరిగే చర్చలో సాహసంతో కట్టిన ఆధునిక భవనాల గురించీ, కాగితం మీదే ఉండిపోయిన వాటి గురించీ నువ్వు మాట్లాడవలసి ఉందని రాశావు. మీ తరగతిలో సగంమంది ప్రతి వింత ఆకారాన్నీ ఆకాశానికెత్తుతున్నారని, మిగతా సగంమంది ప్రతిదాన్నీ వెక్కిరిస్తున్నారని, వీరిద్దరి నడుమ నీకు మాట తోచడం లేదని చెప్పావు. నేను ఆర్కిటెక్టును కాను. చిత్తూరులోను, ఆ తరువాత తిరుపతిలోను ముప్పై ఏళ్ళకు పైగా డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి, ఇతరులు ఊహించిన భవనాలకు ప్లాన్లూ సెక్షన్లూ గీసినవాణ్ణి. ఆ పనిలో నేర్చుకున్న ఒక్క సంగతి నీకు పనికివస్తుందనుకుంటున్నాను. ఏ భవనం గురించైనా నోరు విప్పే ముందు దాని సెక్షన్‌ను నీ చేత్తో ఒకసారి గియ్యి. గుమ్మడికాయను నిలువునా కోసినట్టు ఆ భవనాన్ని కోసి, లోపల మనిషి ఎక్కడ నిలబడతాడో, కప్పు బరువు ఏ దారిన నేలకు దిగుతుందో, వాన నీరు ఎటు పోతుందో, మధ్యాహ్నపు ఎండ ఎంత దూరం లోపలికి వస్తుందో చూపించు. చక్కగా రానక్కరలేదు, కొలతలు ఉజ్జాయింపుగా ఉన్నా చాలు. గీస్తున్నప్పుడు పెన్సిలు ఎక్కడ ఆగిపోతుందో అక్కడే నువ్వు అడగవలసిన ప్రశ్న ఉంటుంది.

ఆస్ట్రేలియాలో సంగీత నాటకాలు ఆడే సిడ్నీ ఒపేరా హౌస్‌ను తీసుకో. 1957లో డెన్మార్క్ ఆర్కిటెక్టు యోర్న్ ఉట్జోన్ పంపిన చిత్రాలు పోటీలో గెలిచాయి. తెరచాపల్లా లేచిన ఆ కప్పులను ఈనాటికీ ప్రపంచమంతా గుర్తుపడుతుంది. కాని గెలిచిన రోజున ఆ వంపు ఏ లెక్క ప్రకారం నడుస్తుందో ఇంకా తేలలేదు. తేలకుండానే 1959లో పని మొదలుపెట్టి కింది వేదికను లేపారు. తీరా కప్పు లెక్క కుదిరేసరికి ఆ బరువుకు కింది స్తంభాలు కొన్ని చాలలేదు, వాటిని మళ్ళీ కట్టవలసి వచ్చింది. 1961 ప్రాంతంలో ఉట్జోన్ ఆ చిక్కు విప్పిన తీరును తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. కప్పులన్నిటినీ సుమారు 75 మీటర్ల వ్యాసార్ధం ఉన్న ఒకే గోళం మీది ముక్కలుగా తీసుకుంటే వంపు అంతటా ఒక్కటే అవుతుంది. గుండ్రని కొబ్బరి చిప్పను ఎలా పగలగొట్టినా ప్రతి పెంకుకూ అదే వంపు ఉన్నట్టు. వంపు ఒక్కటే అయినప్పుడు పక్కటెముకల వంటి కాంక్రీటు ముక్కలను మళ్ళీ మళ్ళీ అవే అచ్చుల్లో పోసి, పైకెత్తి, వరుసగా బిగించవచ్చు. 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్లతో అయిపోతుందనుకున్న పని 10 కోట్ల 20 లక్షలకు చేరి 1973లో పూర్తయింది. ఉట్జోన్ 1966లోనే ఆ పని వదిలి వెళ్ళిపోయాడు, పూర్తయిన తన భవనాన్ని చూడటానికి మళ్ళీ ఆ దేశానికి రాలేదు. ఈ కథలో మెచ్చుకునేవారికీ తప్పుపట్టేవారికీ కావలసినంత ఉంది. మెచ్చుకునేవారు తెరచాపల అందం దగ్గర ఆగిపోకుండా ఆ గోళం దాకా వెళ్ళాలి. తప్పుపట్టేవారు ఖర్చు పెరిగిందని చెప్పి ఊరుకోకుండా, కప్పు తేలకముందే పునాది తవ్వమన్న తొందర ఎవరిదని అడగాలి.

ఈ మాట నేను పైనుంచి చెప్పడం లేదు. నా ఉద్యోగపు తొలి రోజుల్లో చిత్తూరు పక్కన ఒక ఊళ్ళో సమావేశ మందిరానికి మడతల కప్పు వేశారు. కాగితాన్ని విసనకర్రలా మడిచినట్టు ఉండే సన్నని స్లాబు అది. మడత వల్లనే దానికి బలం వస్తుంది కాబట్టి లోపల స్తంభాలు అక్కరలేదు. ఆ ఆకారం మీది మోజుతో ఎలివేషన్‌ను, అంటే బయటికి కనిపించే ముఖాన్ని, మూడు రాత్రులు కూర్చుని గీశాను. మడతల మధ్య పల్లంలో సెక్షన్ మాత్రం గీయలేదు, గీయమని నన్నెవరూ అడగలేదు. మన వైపు పెద్ద వానలు అక్టోబరు, నవంబరు నెలల్లో వస్తాయని తెలిసి కూడా, ఆ పల్లాల్లో దిగిన నీరు రెండు చిన్న గొట్టాల గుండా పోతుందని అనుకున్నాను. మొదటి ఏడే నీరు నిలిచి కప్పు కారింది. తరువాత దాని మీద రేకులు వేశారు, మడతలు కనబడకుండా పోయాయి. ఊరివారు కొత్తరకం కప్పులు పనికిరావని తేల్చారు. కప్పు మంచిదే, గొట్టాలే చాలలేదు. ఒక చిన్న తప్పు వల్ల ఒక ఊరికి ఆధునిక నిర్మాణం మీదనే నమ్మకం పోవడం నేను కళ్ళారా చూశాను. అందుకే వాన నీటి మాట ఎత్తకుండా ఏ భవనాన్నీ పొగడలేను.

ఇక మన రాష్ట్రం సంగతి. మీ చర్చలో అమరావతి తప్పక వస్తుంది, అది రాగానే మాట రాజకీయంలోకి జారిపోతుంది, అక్కడ నువ్వు జాగ్రత్తగా నిలబడాలి. అక్కడి ప్రభుత్వ భవనాలకు 2016లో జపాను ఆర్కిటెక్టు ఫుమిహికో మకి సంస్థ నమూనా ఎంపికై, ఆ తరువాత పక్కకు పోయి, బ్రిటన్ ఆర్కిటెక్టు నార్మన్ ఫోస్టర్ సంస్థ వచ్చింది. మకి నమూనాలోని శాసనసభ పొగగొట్టాల్లా ఉందన్న విమర్శ అప్పట్లో గట్టిగా వినిపించింది. ఆ మాట వచ్చినప్పుడు నువ్వు చండీగఢ్‌ను గుర్తుచెయ్యి. అక్కడి శాసనసభ మందిరానికి ఫ్రాన్స్ ఆర్కిటెక్టు లె కార్బూజియే ఇచ్చిన ఆకారం అహ్మదాబాదులో విద్యుత్ కేంద్రపు శీతలీకరణ గోపురాలను చూసి తీసుకున్నదే. పైకి పోయేకొద్దీ సన్నబడే ఆ పెద్ద గొట్టం కింద సభ కూర్చుంటుంది, పైనుంచి వెలుగు దిగుతుంది. అదే భవనం ముందు మంటపం కప్పును ఆయన పెద్ద దోనెలా పైకి వంచాడు. వాన నీటిని దాచిపెట్టకుండా అందరి కళ్ళ ముందు పారించిన ఆ ధైర్యం నాకు గొట్టం కంటే ఎక్కువ నచ్చింది. 2016లో యునెస్కో ఆ ప్రాంగణాన్ని ప్రపంచ వారసత్వంలో చేర్చింది. కాబట్టి ఫలానాదానిలా ఉందని అన్నంత మాత్రాన విమర్శ పూర్తికాదు. ఆ ఆకారం లోపల ఏ పని చేస్తోందో చెప్పినప్పుడే పూర్తవుతుంది. హైదరాబాదులో జాతీయ మత్స్య అభివృద్ధి మండలి భవనాన్ని చేప ఆకారంలో కట్టారు. చూడగానే ముచ్చటగానే ఉంటుంది, అయితే ఆ రెక్కలూ తోకా లోపల పనిచేసుకునేవారికి ఏం చేసిపెడుతున్నాయన్న ప్రశ్నకు నాకు జవాబు దొరకలేదు. ఢిల్లీలోని లోటస్ టెంపుల్‌లోనూ పువ్వు బొమ్మే ఉంది, కాని 27 రేకులు తొమ్మిది వైపులుగా అమరి తొమ్మిది ద్వారాలను ఇస్తున్నాయి. ఈ తేడాను మాటలతో కంటే బల్ల మీద సెక్షన్ గీసి చూపించడం తేలిక.

అమరావతిలో ఇంకొకటి గమనించు. 2019 తరువాత పని ఆగిపోయినప్పుడు అక్కడి పునాదులు ఏళ్ళ తరబడి నీళ్ళలో ఉండిపోయాయి. కట్టినదనీ అనలేము, కట్టనిదనీ అనలేము. 2024 తరువాత పని మళ్ళీ మొదలుపెట్టే ముందు ఆ పునాదులు ఇంకా బరువు మోయగలవా అని ఐఐటీల నిపుణులు పరీక్షించారు. త్రీడీ బొమ్మల గురించి వేలమంది మాట్లాడారు గాని ఆ పరీక్ష గురించి మాట్లాడినవారు నాకు కనబడలేదు. నువ్వు మాట్లాడు.

కట్టకుండా మిగిలినవాటి విషయంలో నీకు నాకంటే ఎక్కువ తెలుసు. 1956లో అమెరికా ఆర్కిటెక్టు ఫ్రాంక్ లాయిడ్ రైట్ గీసిన మైలు ఎత్తు, 528 అంతస్తుల భవనం లెక్కలో చూస్తే అప్పటికి అసాధ్యమే. అయినా అందులోని ముక్కాలిపీట వంటి అమరిక దుబాయిలో 828 మీటర్ల బుర్జ్ ఖలీఫాలో నాకు కనిపిస్తుంది. ఆర్కిటెక్టు జహా హదీద్ 1983లో హాంకాంగ్ కొండ మీది క్లబ్బుకు గెలిచిన నమూనా కట్టనే లేదు, పదేళ్ళ తరువాత ఆమె అగ్నిమాపక కేంద్రం ఒకటి జర్మనీలో నిలబడింది. ఇటువంటివాటిని పిచ్చి ఊహలని కొట్టిపారేయకు. అయితే కాగితం మీది భవనానికి దుమ్ము పట్టదు, ఎండ తగలదు, దానిలో ఎవరూ చెప్పులు విడవరు. పోల్చేటప్పుడు ఈ సౌకర్యాన్ని లెక్కలో వేసుకోవాలి. కట్టిన భవనపు మరకలను కట్టని భవనపు తెల్లదనంతో పోల్చేవారు మీ చర్చలో ఉంటారు, వారిని మర్యాదగా ఆపు.

ఎండ మాట వచ్చింది గనుక అద్దం గురించి రాస్తాను. 1921లో జర్మనీ ఆర్కిటెక్టు మీస్ వాన్ డెర్ రోహె బెర్లిన్ కోసం ఒళ్ళంతా అద్దంతో ఎత్తైన భవనం గీశాడు. అది కట్టలేదు. కాని ఆ ఊహ వందేళ్ళలో భూమి చుట్టూ తిరిగి మన తిరుపతి వీధుల్లోకి, లాడ్జీల ముఖాల మీదికి వచ్చింది. చలిదేశంలో వెలుగు కోసం ఆరాటపడి పుట్టిన ఊహ అది. ఇక్కడ మే నెలలో పడమటి ఎండ నేరుగా ఆ అద్దం మీద పడితే, లోపల ఏసీ లేకుండా గంటసేపు కూర్చోలేము. ఆధునికం అంటే అద్దమేనని నమ్మేవారిని పుదుచ్చేరికి పంపించాలని నాకు ఉంటుంది. అక్కడ అరవిందాశ్రమానికి ఆర్కిటెక్టు ఆంటొనిన్ రేమండ్ రూపకల్పనలో, 1930లలో మొదలై 1940లలో పూర్తయిన గోల్కొండ్ అనే నివాస భవనం ఉంది. పొడుగాటి ముఖాలు ఉత్తరానికీ దక్షిణానికీ, గోడకు బదులు తెరిచి మూయగల అడ్డపలకలు, కప్పు మీద గాలి ఆడేలా మరో కప్పు. అది పూర్తిగా కాంక్రీటు భవనం, ఏ పాత ఆకారాన్నీ అనుకరించలేదు, అయినా ఈ నేల కోసమే పుట్టినట్టు ఉంటుంది.

మన రైల్వే స్టేషను గొడవ నీకు గుర్తుండే ఉంటుంది. 2022లో కొత్త స్టేషను ఊహాచిత్రాలు బయటికి రాగానే, అది ఐటీ కంపెనీలా ఉందని, తిరుపతి ఆనవాలే లేదని చాలామంది బాధపడ్డారు. ఆ బాధ నిజమైనదే. కాని మందు ఏమిటంటే ముఖం మీద గోపురం బొమ్మ పెట్టమన్నవారే ఎక్కువ. నేను ఒప్పుకోను. గోవిందరాజస్వామి గుడి గోపురం దూరం నుంచి వచ్చేవాడికి దారి చూపడానికీ, గుమ్మం ఎక్కడుందో చెప్పడానికీ అంత ఎత్తు లేచింది. ఆ పనిని వదిలేసి దాని బొమ్మను సిమెంటులో అతికిస్తే అది గోపురం కాదు. తిరుపతి స్టేషనులో తెల్లవారుజామున దిగేవాళ్ళను చూడు. గుండు చేయించుకుని తిరిగి వెళ్ళే పిల్లలు, మూటలు, ప్లాట్‌ఫారం మీద వరుసగా పడుకున్న కుటుంబాలు, మోకాళ్ళ నొప్పులతో మెట్లు ఎక్కలేని అవ్వలు. వీరికి నీడ, నీళ్ళు, పడుకునే అరుగు, దారి తప్పని నడక ఇచ్చే స్టేషను ఎంత కొత్త ఆకారంలో ఉన్నా తిరుపతిదే అవుతుంది. కొండ మీది వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌ను ఏ ఆర్కిటెక్టూ మెచ్చుకోగా నేను వినలేదు, దానికి అందం లేదన్నదీ నిజమే. అయినా వేలమందిని గదులుగా కూర్చోబెట్టి, అన్నం పెట్టి, తోపులాట లేకుండా కదిలించడమనే ప్రశ్నకు మన ఊరు తనంతట తాను వెతుక్కున్న జవాబు అది. దాని ప్లాను ముందు పెట్టుకుని మీరు ఒక పూట వాదించుకోవచ్చు.

కూలగొట్టినవాటిని కూడా చర్చలోకి తీసుకురా. ఢిల్లీ ప్రగతి మైదానంలో 1972లో ఆర్కిటెక్టు రాజ్ రేవల్ రూపకల్పన, ఇంజనీరు మహేంద్ర రాజ్ లెక్కలతో లేచిన హాల్ ఆఫ్ నేషన్స్ అనే ప్రదర్శనశాలను నేను ఒక్కసారే చూశాను. సుమారు 78 మీటర్ల వెడల్పున లోపల ఒక్క స్తంభం లేదు. కప్పూ గోడలూ వల అల్లినట్టు ఉండే జాలకం అది, ఇటువంటిదాన్ని ఇతర దేశాల్లో ఉక్కుతో చేస్తారు. మనకు ఉక్కు కరువు, పనిచేసే చేతులు మెండు గనుక అక్కడికక్కడే కాంక్రీటుతో పోశారు. సెంట్రింగు కట్టినవారి, కడ్డీలు వంచినవారి పనితనం ప్రతి ముడిలోనూ కనిపించింది. అరవై ఏళ్ళు నిండని భవనానికి వారసత్వ గుర్తింపు కుదరదన్నారు, 2017 ఏప్రిల్‌లో కూల్చేశారు. 2010 మే 26న శ్రీకాళహస్తి రాజగోపురం కూలినప్పుడు మన ప్రాంతమంతా కుమిలిపోయింది, 1516 నాటి ఆ గోపురం స్థానంలో కొత్తది లేచేదాకా ఊరుకోలేదు. ఢిల్లీ హాలు కోసం ఆర్కిటెక్టులు కోర్టుకు వెళ్ళారు, జనం మాత్రం కదలలేదు. అది తమదని వారికి ఎవరూ చెప్పకపోవడం మీ వృత్తి చేసిన లోపమని నా అభిప్రాయం. నీకు నచ్చకపోతే అక్కడే నాతో వాదించు.

మాట్లాడే తీరు గురించి కొంచెం. నీకు నచ్చని భవనంలో నచ్చిన భాగాన్ని ముందు చెప్పి, తరువాత తప్పు చెప్పు. ఎదుటివారు మెచ్చుకున్నదాన్ని వారి చేతనే బల్ల మీద గీయించు, వారికే సందేహం వస్తుంది, లేదా నీకు నమ్మకం కుదురుతుంది. రెండూ మంచివే.

సంక్రాంతికి వచ్చినప్పుడు చంద్రగిరి రాజమహలుకు వెళ్దాం. కర్ర వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే అంతస్తులు నిలబెట్టిన భవనం అది. దాని సెక్షన్‌ను నువ్వు కొలిచి గియ్యి, టేపు రెండో కొస నేను పట్టుకుంటాను. రైలు ఏ వేళకు వస్తుందో ముందుగా రాయి. స్టేషనుకు వస్తాను, ఇంటికి బయలుదేరే ముందు ఓ అరగంట అక్కడే బల్ల మీద కూర్చుని వచ్చేవాళ్ళనూ పోయేవాళ్ళనూ చూద్దాం.

ఆశీస్సులతో,
మీ తాత