సంగీతం రాకపోతే పద్యనాటకం సీన్ల పోటీకి వెళ్ళకూడదా?

మీ ఊళ్ళో ఔత్సాహికులకు పద్యనాటకం సీన్ల పోటీ పెడుతున్నారని, మీకు రాగాలు రావని, అయినా పేరు ఇవ్వొచ్చా అని అడిగారు. ఇవ్వండి. రేపే ఇచ్చేయండి. బొబ్బిలి దగ్గర నాకు టైలరింగ్ షాపు ఉంది. సంగీతం ఒక్కరోజు కూడా నేర్చుకోలేదు. అయినా తొమ్మిదేళ్ళుగా హరిశ్చంద్ర నాటకం కాటి సీనులో చంద్రమతి వేస్తున్నాను.

జనం రాగం కోసం వస్తారని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. జనం మాట కోసం వస్తారు. పాండవోద్యోగ విజయాల పడక సీనులో, దుర్యోధనుణ్ణి చూసి కృష్ణుడు ‘బావా ఎప్పుడు వచ్చితీవు’ అని ఎత్తుకుంటే, మా వైపు బడి మొహం చూడని తాతలు కూడా మిగతా పద్యం అందుకుంటారు. తిరుపతి వేంకట కవులు అంత తేటగా రాశారు. దాన్ని పట్టుకుని మూడు నిమిషాలు ఆలాపన సాగదీస్తే పద్యం ఎక్కడ మొదలైందో మర్చిపోతాం. అప్పటిదాకా దుర్యోధనుడు పాపం కిరీటం సర్దుకుంటూ నిలబడాలి. ‘ఒన్స్ మోర్’ అని అరిపించుకోవడానికి సొంత మనుషుల్ని వెనక కూర్చోబెట్టే టీములు కూడా నాకు తెలుసు.

ఇక నా సంగతి చెప్తాను. నాలుగేళ్ళ కిందట శివరాత్రి జాగారానికి ఒక ఊళ్ళో పోటీ పెట్టారు. ఒక్కో టీముకి ఇరవై నిమిషాలు. మా బావ, అంటే మేనమామ కొడుకు, బస్సు కండక్టరు. ఆయన హరిశ్చంద్రుడు. లోహితుడుగా మా పక్కింటి ఏడేళ్ళ బాబు. మా వంతు వచ్చేసరికి రాత్రి ఒంటిగంట దాటింది. మంచు పడుతోంది. బాబు ఒంటిమీద పల్చటి తెల్లగుడ్డ ఒక్కటే, కింద వట్టి చెక్కలు.

బావ ఒకటిన్నర శ్రుతిలో పాడతాడు, శ్రుతి అంటే పాటకు ఆధారంగా పట్టుకునే స్వరం. నాది ఐదున్నర. హార్మోనిస్టు ఆయన శ్రుతే పట్టుకుని, సీను మధ్యలో మార్చనన్నాడు. ఆ శ్రుతిలో పైకి వెళ్తే నా గొంతు అరుపవుతుంది, కిందికి వస్తే మాట గొంతులోనే ఉండిపోతుంది. టెన్షన్‌తో చేతులు చల్లబడిపోయాయి. ఇక పాడటం మానేశాను. బిడ్డ తల ఒళ్ళో పెట్టుకుని, పద్యాన్ని ఒక్కో ముక్కా విరుచుకుంటూ, ఇంట్లో ఏడుస్తూ చెప్పుకున్నట్టే చెప్పాను. హార్మోనియం ఆగిపోయింది. పందిట్లో చప్పుడు లేదు.

బావ కాటి సుంకం అడిగాడు. నా దగ్గర ఏమీ లేదన్నాను. అప్పుడు ముందు వరసలో గోనెసంచి మీద కూర్చున్న ఒక ముసలమ్మ లేచి స్టేజీ అంచుకి వచ్చింది. కొంగు ముడి విప్పి ఇరవై రూపాయల నోటు నా వైపు చాపింది.

“ఇదిగో తల్లీ, ఆడికిచ్చీ. గుంటడు సలిలో ఉన్నాడు.”

నాకు నోట మాట రాలేదు. బావ మాత్రం తడబడలేదు. కర్ర భుజాన పెట్టుకునే ఆమె వైపు తిరిగి, “అమ్మా, శవాన్ని తెచ్చినవాళ్ళ దగ్గరే సుంకం తీసుకోమని మా యజమాని వీరబాహు ఆజ్ఞ. నీ డబ్బు నేను ముట్టుకోలేను” అన్నాడు. నేను ఆ నోటు మడిచి మళ్ళీ ఆమె చేతిలోనే పెట్టాను. ఆమె కూర్చోలేదు. సీను అయ్యేదాకా స్టేజీ చెక్క పట్టుకుని అక్కడే నిలబడింది. ‘నీ మెడలో మంగళసూత్రం ఉంది కదా’ అని బావ అన్నప్పుడు, ఆ సూత్రం భర్త కంటికి తప్ప కనపడదని తెలిసిన ఆ తల్లి నాకంటే ముందు ఏడ్చింది.

మాకు మూడో బహుమతి కూడా రాలేదు. అడిగితే మార్కుల కాగితం చూపించారు. ‘పద్యాలు రాగయుక్తంగా లేవు. గ్రంథంలో లేని సంభాషణ చేర్చారు.’ రెండో మాట నాకు ఇప్పటికీ మండుతుంది. కాటి సీనులో ప్రతి హరిశ్చంద్రుడూ పాడే జాషువా గారి శ్మశానవాటి పద్యాలు బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకంలోవా? కావు. నటులు తెచ్చి కలిపారు, జనం గుండెల్లో పెట్టుకున్నారు. వాటికి లేని అభ్యంతరం మా బావ చెప్పిన రెండు ముక్కలకు ఎందుకు? హరిశ్చంద్రుడు ఆ చోట ఉంటే అదే చెప్పేవాడు. మన విజయనగరంలోనే 1892లో కన్యాశుల్కాన్ని వాడుక మాటలతో ఆడితే జనం చూశారు. అలాంటి గడ్డమీద మాటకు మార్కులు లేవంటే నాకు బాధగా ఉంటుంది.

ఇంకో అన్యాయం ఉంది. పోటీ ఔత్సాహికులకని కాగితంలో రాస్తారు. మగవాళ్ళంతా ఊరివాళ్ళే ఉంటారు, చంద్రమతికి మాత్రం డబ్బిచ్చి వృత్తి కళాకారిణిని తెస్తారు. ఆమెను నేను ఒక్క మాట అనను, అది ఆమె జీవనం. కానీ ఊళ్ళో వేయాలని కోరిక ఉన్న ఆడపిల్లలు ఎంతమంది! అడిగేవాళ్ళే లేరు. నన్ను కూడా మా మామయ్య అడగబట్టే వచ్చాను. నా షాపులో కుట్టు నేర్చుకునే పిల్ల ఒకతి ఇప్పుడు మిషన్ తొక్కుతూ చంద్రమతి పద్యాలు చెప్తుంది. వచ్చే శివరాత్రికి వేషం తనది, డ్రెస్సు కుట్టడం నాది.

మీరు చేయాల్సింది ఒకటే. హార్మోనిస్టును ముందురోజే కలిసి మీ శ్రుతి, మీ జోడీ శ్రుతి రెండూ చెప్పండి. రెండూ కుదరకపోతే ఎవరి పద్యం ఎక్కడ మాటగా చెప్పాలో అప్పుడే అనుకోండి. పద్యం అర్థం పక్కింటివాళ్ళకు చెప్పగలిగేదాకా స్టేజీ ఎక్కొద్దు. ఇంతకీ ఏ సీను అనుకుంటున్నారో రాయలేదు. కాటి సీను అయితే చెప్పండి, బాబుకి తెల్లగుడ్డ లోపల వేసే ఉన్ని బనీను కొలతలు పంపిస్తాను.