నెక్ ప్లేటు మీది నంబరు ఒక్కటే చాలదు

ప్రశ్న: నా దగ్గర పాత ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్ ఉంది. నెక్ ప్లేటు (గిటార్ మెడను ఒంటికి బిగించే లోహపు పలక) మీది సీరియల్ నంబరు ‘ఎల్’ అక్షరంతో మొదలవుతోంది కాబట్టి ఇది 1964 నాటిదని అమ్మినవారు చెప్పారు. పిక్‌గార్డు (గిటార్ ముందువైపు పలుచని పలక) విప్పితే రెండు పాట్ల (నాబ్‌ల కింద ఉండి ధ్వనిని సర్దే భాగాల) మీద 3046352 అనీ, మూడోదాని మీద 1376615 అనీ కనిపించింది. దీని వయసు ఎలా తేల్చాలి? ఎలా శుభ్రం చేసుకోవాలి?

జవాబు: ‘ఎల్’ ప్లేట్లను ప్రధానంగా 1963 నుంచి 1965 వరకు వాడారు గనుక అమ్మినవారి మాటను కొట్టిపారేయలేం; అయితే నాలుగు స్క్రూలు తీస్తే ఊడివచ్చే ప్లేటును మరో గిటార్‌కు బిగించడం ఎవరికైనా సులువే. పాట్ల కోడ్‌లో మొదటి మూడు అంకెలు తయారీ సంస్థను, తర్వాతి రెండు సంవత్సరాన్ని, చివరి రెండు వారాన్ని సూచిస్తాయి. ఆ లెక్కన మొదటి రెండూ 1963లో 52వ వారంలో స్టాక్‌పోల్ సంస్థ చేసినవి, మూడోది 1966లో 15వ వారంలో సీటీఎస్ చేసినది. ఈ తేదీలు గిటార్‌ను అంతకుముందు బిగించలేదని చెబుతాయే తప్ప, ఎంతకాలం తర్వాత బిగించారో చెప్పవు. రెండు పాట్లు 1964కు చక్కగా సరిపోతున్నాయి కాబట్టి, మూడోదాన్ని మరమ్మతులో మార్చి ఉంటారనే నాకు అనిపిస్తోంది. దాని టంకం మిగతావాటికి భిన్నంగా ఉందేమో చూడండి.

అన్నిటికంటే బలమైన సాక్ష్యం నెక్ మడమ (మెడలో ఒంటికి బిగించే కొస) మీది సిరా ముద్ర. తీగలు వదులు చేసి నెక్ ఊడదీస్తే ‘2 మార్చ్ 64 బి’ వంటి ముద్ర ఇంగ్లిషులో కనిపించాలి. అందులోని 2 తేదీ అని చాలామంది పొరబడతారు. అది మోడల్ గుర్తు, చివరి అక్షరం నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) వెడల్పును తెలుపుతుంది. ఆ కాలపు ఫెండర్లలో ట్రస్ రాడ్‌ను (మెడ లోపల వంపును సరిచేసే కడ్డీని) బిగించే నట్ కూడా మడమ దగ్గరే ఉంటుంది కాబట్టి, నెక్ వంపు సరిచేయవలసి ఉంటే రెండు పనులూ ఒకేసారి కానివ్వండి.

ఫినిష్ (పైపూత) నైట్రోసెల్యులోజ్ లక్కర్ అయితే సిలికాన్ కలిసిన పాలిష్‌లు వద్దు, మెత్తని పొడిబట్ట చాలు. కొన్ని స్టాండ్ల రబ్బరు తగిలినచోట ఈ లక్కర్ మెత్తబడి మరకపడుతుంది కనుక వాద్యాన్ని కేసులో ఉంచడమే మేలు. రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డు (తీగలను వేళ్లతో నొక్కే పలక) ఎండినట్టు కనిపిస్తే నిమ్మనూనె ఒకటి రెండు చుక్కలు రాసి వెంటనే తుడిచేయండి. గీతలు పడిందని రంగు మాత్రం మళ్లీ వేయించకండి, విలువ బాగా పడిపోతుంది. 1966 నాటి పాట్ గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా చల్లి నాబ్‌ను అటూ ఇటూ తిప్పి చూడండి. పనిచేస్తున్నంత కాలం దాన్ని మార్చవలసిన అవసరం లేదు.