శూన్యం గురించి అమ్మలుకి

అమ్మలూ,

నువ్వు ఎం.ఏ. ఫిలాసఫీలో చేరతానన్నావని మీ నాన్న ఫోన్ చేసినప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. మన ఇంట్లో నా తర్వాత ఈ దారి పట్టింది నువ్వే. సంతోషమూ ఉంది, టెన్షనూ ఉంది.

దరఖాస్తు, హాస్టలు సంగతి నువ్వే చూసుకోగలవు. జర్మన్ తత్వవేత్త కాంట్‌ను 1781 నాటి పెద్ద పుస్తకం 'క్రిటిక్ ఆఫ్ ప్యూర్ రీజన్'తో మొదలుపెట్టకు. అది కొరుకుడు పడటం లేదని జనం అంటే ఆయనే 1783లో 'ప్రొలెగోమెనా' అని చిన్నది రాశాడు, ముందు అది చదువు. సోక్రటీస్ తానుగా ఏమీ రాయలేదు కాబట్టి ప్లేటో లాంటివాళ్లను నమ్ముకోక తప్పదు. శూన్యవాదం చెప్పిన బౌద్ధాచార్యుడు నాగార్జునుడి మాట మాత్రం ఆయన నోటే వినొచ్చు. నేను వినలేదు.

పరీక్షకు గైడు చదివాను. 'శూన్యవాదం అంటే ఏదీ లేదు' అని అందులో ఒక్క ముక్క. శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో దాన్ని ఖండించే శ్రమ కూడా అక్కర్లేదని వదిలేశారు కదా అని మూలం తెరవలేదు. ఆ సెలవుల్లోనే మామయ్య పోయారు. కర్మలన్నీ అయ్యాక ఒక మధ్యాహ్నం మేనత్త వసారాలో కూర్చుని ఆయన కళ్లజోడు చీరచెంగుతో తుడుస్తోంది. తుడిచి డబ్బాలో పెడుతుంది, మళ్లీ తీసి తుడుస్తుంది. పక్కన కూర్చుని, "అంతా శూన్యమే అత్తయ్యా, అసలు ఉన్నదేదీ లేనప్పుడు పోయిందేముంది?" అన్నాను. ఓదారుస్తున్నాననే అనుకున్నాను. ఆవిడ డబ్బా మూసి, "అన్నం పెట్టనా?" అని లేచి వెళ్లిపోయింది. ఆ తర్వాత నా ముందు ఆ కళ్లజోడు ఎప్పుడూ బయటికి తీయలేదు.

ఆవిడ పోయిన చాలా ఏళ్లకు నాగార్జునుడు రాసిన మూలమధ్యమకకారిక 24వ అధ్యాయం చదివాను. శూన్యతను తప్పుగా అర్థం చేసుకుంటే, పట్టడం రాక పట్టిన పాములా చేటు తెస్తుందని ఆయనే అక్కడ చెప్పాడు. శూన్యమంటే లేకపోవడం కాదమ్మా. ఏదీ తనంతట తాను నిలబడదు, ఒకదాన్ని ఆనుకునే ఇంకొకటి ఉంటుంది. ఆ కళ్లజోడు పట్టుకుని కూర్చున్న అత్తయ్యకు ఆ సంగతి నాకంటే బాగా తెలుసు. పాము పట్టింది నేను, కాటు పడింది ఆవిడకు.

నువ్వు మాటకారివి, నా భయమంతా అదే. మీ అమ్మ దీపం పెట్టుకుంటుంటే మతవిశ్వాసాలను ప్రశ్నించిన హ్యూమ్‌ను తెచ్చి వాదించావో, ఊరుకోను. కోప్పడ్డానని చిన్నబుచ్చుకోకు తల్లీ, వేళకు తిను. నా కారిక పుస్తకం పంపుతున్నాను, అంచుల్లో నా పెన్సిలు రాతలుంటాయి. 24వ అధ్యాయం మాత్రం ఒక్కదానివే చదవకు, దసరాకు వచ్చినప్పుడు ఇద్దరం వసారాలో కూర్చుని చదువుదాం.

మీ పెదనాన్న