'ఆఫ్టర్‌షాక్' సినిమాలో తల్లి కూతురి ముందు ఎందుకు మోకరిల్లుతుంది?

2010లో ఫెంగ్ షియావోగాంగ్ తీసిన చైనా సినిమా ఇది. 1976 జులై 28 తెల్లవారుజామున టాంగ్‌షాన్‌లో భూకంపం వస్తుంది. కవల పిల్లలిద్దరూ ఒకే శ్లాబు కింద ఇరుక్కుపోతారు. ఒకరిని తీస్తే ఇంకొకరు నలిగిపోతారు. ఎవరిని తీయమంటావని అడిగితే, తల్లి ఎంతకీ చెప్పలేక చివరికి "తమ్ముణ్ణి" అంటుంది. లోపలున్న అక్కకి ఆ మాట వినబడుతుంది.

చనిపోయిందనుకున్న ఆ పిల్ల బతుకుతుంది, సైన్యంలో పనిచేసే దంపతులు పెంచుకుంటారు. 32 ఏళ్ల తర్వాత, 2008 సిచువాన్ భూకంపం సహాయక పనుల్లో తమ్ముడు కలుస్తాడు. (కాస్త సినిమాటిక్‌గానే ఉంటుంది, ఒప్పుకోవాలి.)

ఆ తల్లి దృష్టిలో "తమ్ముణ్ణి" అన్నది తప్పనిసరై అన్న మాట కాదు, తాను చేసిన నేరం. అందుకే తిరిగొచ్చిన కూతురి ముందు మోకరిల్లుతుంది. అందుకే మళ్లీ పెళ్లి చేసుకోదు, పోయినవాళ్ల ఆత్మలు ఇంటి దారి మర్చిపోతాయని ఊరు కూడా వదలదు.

నన్ను ఏడిపించింది మాత్రం టమాటాలు. భూకంపానికి ముందు, ఇంట్లో మిగిలిన ఒక్క టమాటా తమ్ముడికిచ్చి, నీకు రేపు కొంటానంటుంది అమ్మ. కూతురు తిరిగొచ్చేసరికి కడిగిన టమాటాలు గిన్నెలో సిద్ధంగా ఉంటాయి.